సాధన ఎంత దూరం తీసుకెళ్తుంది: జాన్ కోల్ట్రేన్ జీవితంపై ఒక సంవాదం

విద్వాంసుడు: జాజ్ సంగీతకారుడు జాన్ కోల్ట్రేన్ బతికింది నలభై ఏళ్లు. టెనార్ శాక్సఫోన్ చేతబట్టుకుని తిరిగింది అందులో సగం. ఆ ఇరవై ఏళ్లలో అతను చేరిన చోటు చూస్తే దానికి ఒకే కారణం కనిపిస్తుంది, సాధన. 1926 సెప్టెంబర్ 23న అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రం హామ్లెట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు, హై పాయింట్‌లో పెరిగాడు. తండ్రి దర్జీ, సరదాగా వాయిద్యాలు వాయించేవాడు. తల్లివైపు తాత నల్లజాతివారి చర్చిలో బోధకుడు. 1938 చివర మొదలుకొని కొద్ది నెలల్లోనే తాతా, తండ్రీ పోయారు. తల్లి ఇళ్లల్లో పనికి కుదిరింది. పన్నెండేళ్ల పిల్లవాడికి ఊరి బ్యాండులో క్లారినెట్, తర్వాత ఆల్టో శాక్సఫోన్ దిక్కయ్యాయి. 1943లో ఫిలడెల్ఫియాకు వెళ్లి సంగీత పాఠశాలల్లో చేరాడు. 1945లో అక్కడే ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ కచేరీ విన్నాడు. తర్వాత ఏడాదిపాటు నౌకాదళంలో, హవాయిలో. 1947లో ఎడ్డీ విన్సన్ బృందంలో చేరితే ఆ నాయకుడే ఆల్టో వాయిస్తాడు కాబట్టి ఇతను టెనార్‌కు మారాల్సి వచ్చింది. ప్రపంచం గుర్తుపెట్టుకున్న వాయిద్యం అతను ఏరి కోరి పట్టుకున్నది కాదు, అవసరం చేతిలో పెట్టింది. దాన్ని తనదిగా చేసుకున్నది మాత్రం సాధనే. రాత్రిళ్లు ఇరుగుపొరుగు నిద్ర చెడకూడదని ఊదకుండా మీటల మీద వేళ్లు మాత్రం ఆడిస్తూ కూర్చునేవాడు. వాయిద్యం ఒళ్లో పెట్టుకునే నిద్రపోయేవాడు. నికొలస్ స్లొనిమ్‌స్కీ 1947లో అచ్చువేసిన స్వరక్రమాల నిఘంటువును రోజూ పారాయణం చేసినట్టు వాయించేవాడు.

అధ్యాపకుడు: అన్నీ నిజమే స్వామీ. అయితే 1947 నుంచి 1957 వరకు లెక్క చూడండి. పదేళ్ల సాధన తర్వాత కూడా అతను నలుగురిలో ఒకడే. డిజీ గిలెస్పీ బృందంలో చేశాడు, జానీ హాడ్జెస్ దగ్గర చేశాడు, 1955లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరాడు. ప్రతిభ ఉందని అందరూ ఒప్పుకున్నారు. దాంతోపాటు హెరాయిన్ కూడా ఉంది. హాడ్జెస్ దగ్గర పని పోయింది దానివల్లే. 1957లో మైల్స్ కూడా తీసేశాడు. అప్పుడు ఫిలడెల్ఫియాలో తల్లి ఇంటికి చేరి, మందూ మాకూ లేకుండా ఆ వ్యసనాన్ని మానేశాడు. అతని జీవితాన్ని రెండు ముక్కలు చేసిన ఘటన అది. ఆ ఏడాది దేవుడి దయవల్ల తనకొక మేల్కొలుపు కలిగిందని ఏడేళ్ల తర్వాత ఒక ఆల్బమ్‌తో పాటు అచ్చైన లేఖలో తనే రాసుకున్నాడు. ఆ మేల్కొలుపు ఏ స్వరక్రమం వాయిస్తే వచ్చింది? సాధన పదేళ్లుగా నడుస్తూనే ఉంది, మనిషి మునుగుతూనే ఉన్నాడు. తన స్థితి ఏమిటో కళ్లారా చూసిన క్షణంలో మారాడు.

విద్వాంసుడు: మారిన మరుక్షణం ఏం చేశాడో కూడా చెప్పండి సార్. గురువును వెతుక్కున్నాడు. 1957 జూలై నుంచి ఏడాది చివరిదాకా న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ అనే చోట థెలోనియస్ మంక్‌తో వాయించాడు. పొద్దున్నే మంక్ ఇంటికి వెళ్లి ఆయన్ని నిద్రలేపేవాడు. ఆయన పియానో ముందు కూర్చుని వాయిస్తూ చూపించేవాడు, నోటితో చెప్పేది తక్కువ. రాత్రి కచేరీలో మంక్ మధ్యలో లేచి వెళ్లిపోతే బాస్, డ్రమ్స్ తోడుగా కోల్ట్రేన్ ఒక్కడే పాటను మోయాలి. ఇది గురుకులం కాకపోతే మరేమిటి? పక్కవాద్యంగా కూర్చోబెట్టి, ఒకనాడు ఉన్నట్టుండి ఆలాపన శిష్యుడికి వదిలేసే పద్ధతి మా నాదస్వర మేళాల్లో ఇప్పటికీ ఉంది. ఆ ఆరునెలలు అయ్యాక 1958లో మళ్లీ మైల్స్ దగ్గరికి వచ్చిన కోల్ట్రేన్ వేరే మనిషి. స్వరాలు ఒకదాని మీద ఒకటి తెరలు తెరలుగా దిగేవి. విమర్శకుడు ఐరా గిట్లర్ ఆ శైలికి నాదపు పలకలు అనే అర్థంలో ఒక పేరు పెట్టాడు, అది నిలిచిపోయింది.

1959 మేలో రికార్డు చేసిన ‘జెయింట్ స్టెప్స్’ ఆ సాధనకు శిఖరం. మన సంగీతంలో కచేరీ మొదలుపెట్టిన ఆధార షడ్జమం చివరిదాకా కదలదు. ఈ పాటలో షడ్జమమే మూడు చోట్లకు గెంతుతుంది. సా దగ్గర ఒకసారి, అంతర గాంధారం దగ్గర ఒకసారి, శుద్ధ ధైవతం దగ్గర ఒకసారి. అంటే పన్నెండు స్వరస్థానాలను మూడు సమభాగాలు చేసి, ఆ మూడింటినీ మూడు ఇళ్లుగా చేసుకున్నాడు. గ్రహభేదం చేసి చూపించడానికి మన విద్వాంసులు తీరిగ్గా సమయం తీసుకుంటారు. ఇక్కడ ఒకటి రెండు ఆవర్తాల లెక్క పూర్తికాకముందే ఇల్లు మారిపోతుంది, అదీ పరుగుమీద. ఆ రోజు పియానో మీద ఉన్న టామీ ఫ్లానగన్ చిన్నవాడేమీ కాదు. తన వంతు వచ్చేసరికి ఆయన తడబడి తడబడి ఆగడం రికార్డులోనే వినిపిస్తుంది. కోల్ట్రేన్ తడబడడు. ఆ దారిలో అతను ఇంట్లో ఎన్నిసార్లు నడిచాడో అది చెబుతుంది.

అధ్యాపకుడు: చెబుతుంది. మరి అంత కష్టపడి కట్టిన కోటలో అతను ఎన్నాళ్లున్నాడు? ఏడాదిన్నర తిరక్కుండానే బయటికొచ్చాడు. 1960 అక్టోబర్‌లో సొప్రానో శాక్సఫోన్ పట్టుకుని ‘మై ఫేవరెట్ థింగ్స్’ వాయించాడు. అది అప్పటికి జనం నోళ్లలో ఉన్న నాటకం పాట. అందులో ఇళ్లు మారడం దాదాపు లేదు. రెండే రెండు స్వరాధారాల మీద పదమూడు నిమిషాలకు పైగా సాగుతుంది. మక్కాయ్ టైనర్ పియానో ఒకే చోట ఊగుతూ ఉంటే దానిమీద అతను తిరుగుతాడు. మైల్స్‌తో 1959 వసంతంలో చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో ఈ తీరు ముందే రుచి చూశాడు. సాధనే సర్వస్వమైతే ‘జెయింట్ స్టెప్స్’కంటే కఠినమైనదాని వైపు వెళ్లాలి. అతను వదిలేయడం వైపు వెళ్లాడు.

ఇక్కడే మన మదనపల్లె ప్రస్తావన వస్తుంది. కోల్ట్రేన్ బైబిల్, కబాలా, జెన్, గీత చదివినవాడు. చదివినవాళ్లలో జిడ్డు కృష్ణమూర్తి ఒకరు. 1895లో మదనపల్లెలో పుట్టిన తెలుగు పిల్లవాడిని జగద్గురువుగా చేయాలని దివ్యజ్ఞాన సమాజం వారు ఒక సంఘమే పెట్టారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, వేలమంది ముందు, ఆయన ఆ సంఘాన్ని రద్దు చేశారు. సత్యానికి వేసిపెట్టిన దారి లేదన్నది ఆయన మాటల సారం. పద్ధతి, అభ్యాసం, గురువు, క్రమశిక్షణ, వీటి వెంట నడిచే మనసు యంత్రంలా తయారవుతుందని తర్వాత యాభై ఏళ్లకు పైగా చెబుతూ వచ్చారు. కోల్ట్రేన్ జీవితాన్ని ఆ మాటల పక్కన పెట్టి చదవాలి. పెద్దమండ్యం చుట్టుపక్కల బోరు వేసినవాళ్లకు తెలుసు, వెయ్యి అడుగులు దించినా నీళ్లు పడతాయన్న హామీ లేదు.

విద్వాంసుడు: దించకపోతే పడవన్న హామీ మాత్రం ఉంది సార్. కృష్ణమూర్తిగారు పెట్టిన రిషీవ్యాలీ బడిలో సంగీతం, నాట్యం నేర్పుతారు. సరళీ వరసలు లేకుండా నేర్పడం ఎవరివల్లా కాదు. ఆయన కూడా దశాబ్దాలపాటు యోగాసనాలు వేశారు, అదీ నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకుని.

అధ్యాపకుడు: ఇది ఒప్పుకోవాల్సిందే. చేతి పనికి అభ్యాసం కావాలని కృష్ణమూర్తి ఎప్పుడూ కాదనలేదు. భాష, లెక్కలు, వాయిద్యం, ఇవి కాలం మీదే వస్తాయి. మనసు మారడం అలా కాలం మీద రాదన్నదే ఆయన వాదం. అందుకే అసలు ప్రశ్నను కొంచెం జరిపి అడగాలి. కోల్ట్రేన్ వాయించినదాంట్లో ఏది చేతిది, ఏది చేతిని దాటినది?

1963 సెప్టెంబర్ 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లజాతివారి చర్చిలో శ్వేతజాతి దురహంకారులు బాంబు పెట్టారు. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. రెండు నెలల తర్వాత, నవంబర్ 18న, కోల్ట్రేన్ ‘అలబామా’ రికార్డు చేశాడు. అందులో వేగం లేదు, పాండిత్యం చూపడం లేదు. కింద పియానో మంద్రంలో రొద పెడుతుంటే పైన టెనార్ ఒక ప్రసంగం చేస్తున్నట్టు, శవం ముందు మాట పెగలని మనిషి మాట్లాడుతున్నట్టు సాగుతుంది. స్లొనిమ్‌స్కీ పుస్తకంలో ఆ దుఃఖానికి పాఠం లేదు.

విద్వాంసుడు: పాఠం లేదు. అయితే ఆ నిదానాన్ని మోయడానికి ఊపిరి కావాలి. నాదస్వరం వాయించేవాళ్లెవరినైనా అడగండి. ద్రుతంలో తప్పులు దాక్కుంటాయి, విలంబంలో దాక్కోవు. ఒక స్వరాన్ని వణకకుండా నిలిపి, చివరన దాన్ని సన్నగా వదలడం, ఇది ఇరవై ఏళ్ల పని. దుఃఖం ఊరంతటికీ కలిగింది, ‘అలబామా’ ఒక్కడే వాయించగలిగాడు.

తర్వాతి ఏడాది చేసిన ‘ఎ లవ్ సుప్రీమ్’ ఇంకా స్పష్టమైన సాక్ష్యం. 1964 డిసెంబర్ 9న, న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో, ఒక్క రోజులో ఆల్బమ్ మొత్తం రికార్డు చేశారు. టైనర్, బాస్ మీద జిమ్మీ గ్యారిసన్, డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్. నాలుగు భాగాలు, ముప్పైమూడు నిమిషాలు. నాలుగు స్వరాల పల్లవి ఒకటి బాస్ మీద మొదలవుతుంది. మొదటి భాగం చివర్లో ఆ నాలుగు స్వరాలనే కోల్ట్రేన్ పన్నెండు శ్రుతుల్లోకీ తిప్పుతాడు. ఏ షడ్జమం మీద నిలబడినా పలికేది అదే నామమని చెప్పడం అది. ఆ తర్వాత నోటితో జపంలా అంటారు. పన్నెండింటిలో ఏ ఇంట్లోకైనా కళ్లు మూసుకుని వెళ్లగలిగినవాడికే ఆ భక్తి అలా చెప్పడం సాధ్యం.

అధ్యాపకుడు: నాలుగో భాగం మాటేమిటి? అది ‘సామ్’, అంటే కీర్తన. తను రాసుకున్న ప్రార్థనను ముందు పెట్టుకుని, ఆ మాటల్లోని ఒక్కో అక్షరానికి ఒక్కో స్వరం చొప్పున, నోరు విప్పకుండా శాక్సఫోన్‌తో చదివాడు. కాగితం చేతబట్టి వింటే ఏ మాట దగ్గర ఉన్నాడో వేలుపెట్టి చూపించవచ్చు. తాళం లేదు, కీర్తన కట్టుబడి లేదు. ఇలాంటిది జాజ్ బడుల్లో ఎవరూ నేర్పలేదు.

విద్వాంసుడు: జాజ్‌లో లేకపోవచ్చు. నాదస్వరంలో మొదటి పాఠం అదే. సాహిత్యం తెలియకుండా కీర్తన ఊదితే గురువు సీవాళిని, అంటే వాద్యం పీకను, నోట్లోంచి లాగేస్తాడు. త్యాగరాజస్వామి మాట ఎక్కడ విరుగుతుందో అక్కడే నాలుక ఆడాలి, అక్కడే ఊపిరి తీసుకోవాలి. మాట లేని వాయిద్యంతో మాట పలికించడం ఈ గడ్డమీద తరతరాలుగా జరుగుతున్న పని. కోల్ట్రేన్ తన దారిన తాను అక్కడికి వచ్చాడు. అంతకంటే గొప్ప ప్రశంస మేళగాళ్లు ఎవరికీ ఇవ్వరు.

అధ్యాపకుడు: భారతీయ సంగీతం దాకా వచ్చారు కాబట్టి ఒక ఇబ్బందికరమైన ప్రశ్న. 1961 నవంబర్‌లో న్యూయార్క్ విలేజ్ వ్యాన్‌గార్డ్‌లో అతను ‘ఇండియా’ అన్న పాట వాయించాడు. ఆ నెలలోనే ‘డౌన్‌బీట్’ పత్రికలో జాన్ టైనన్ అతని సంగీతాన్ని జాజ్ వ్యతిరేకం అని తిట్టిపోశాడు. రాగం తెలిసినవాళ్లుగా ‘ఇండియా’ను మీరు ఒప్పుకుంటారా?

విద్వాంసుడు: రాగంగా ఒప్పుకోవడం కుదరదు. శ్రుతి కోసం ఇద్దరు బాస్ వాద్యకారుల్ని పెట్టుకున్నాడు. తంబురా అవసరం అతనికి అర్థమైందనడానికి అదే గుర్తు. ఎరిక్ డాల్ఫీ బాస్ క్లారినెట్ లోతుగా పలుకుతుంది. అయితే గమకం లేదు, జీవస్వరం చుట్టూ తిరిగే ఓపిక లేదు, ఏ స్వరం వాడకూడదన్న నియమం లేదు. శాక్సఫోన్ మీద గమకం రాదని కాదు. మంగళూరు వైపు నాదస్వర కుటుంబంలో పుట్టిన కద్రి గోపాల్‌నాథ్ ఆల్టో శాక్సఫోన్ మీటలను తన అవసరానికి మార్చుకుని, కర్ణాటక కచేరీ నిండుగా చేసి చూపించారు. దానికి ఒక జీవితం పట్టింది. కోల్ట్రేన్‌కు ఆ సంగతి తెలుసు. రవిశంకర్ సంగీతం మీద గౌరవంతో ఆయన్ని కలిసి అడిగి తెలుసుకున్నాడు. 1965లో పుట్టిన కొడుకుకు రవి అని పేరు పెట్టుకున్నాడు. కుదురుగా కొన్ని నెలలు ఆయన దగ్గర కూర్చుని నేర్చుకోవాలనుకున్నాడు. ముప్పైతొమ్మిదేళ్లు వచ్చి, ప్రపంచమంతా మొక్కుతున్న వేళ మళ్లీ శిష్యుడు కావాలనుకునే మనిషి సాధనను దాటిపోయినవాడు ఎలా అవుతాడు?

అధ్యాపకుడు: ఆ రవిశంకరే కోల్ట్రేన్ సంగీతంలో కలత వినిపించిందని ఆశ్చర్యపోయారు. మద్యం, మత్తు మానేసి, మాంసం మానేసి, దేవుణ్ణి తలుచుకుంటూ బతికే మనిషి నాదంలో ఆ అరుపులెందుకని ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నకు 1965 తర్వాతి సంగీతం ఇంకా పదును పెట్టింది. జూన్ 28న పదకొండుమందితో ‘అసెన్షన్’ రికార్డు చేశాడు. అందరూ ఒకేసారి విరుచుకుపడే నలభై నిమిషాలు అది. అక్టోబర్‌లో సియాటిల్ దగ్గర ‘ఓమ్’ చేశాడు, గీతలోని మాటలు చదువుతూ. టైనర్ వెళ్లిపోయాడు, తన పియానో తనకే వినపడటం లేదన్నాడు. కొద్ది రోజులకే ఎల్విన్ జోన్స్ కూడా వెళ్లిపోయాడు. నాలుగేళ్లుగా ఊపిరిలా ఉన్న బృందం అది. పియానో దగ్గరికి భార్య ఆలిస్ వచ్చింది. 1966 జూలైలో జపాన్‌లో ‘మై ఫేవరెట్ థింగ్స్’ ఒక్కటే దాదాపు గంటసేపు వాయించాడు. అక్కడే భవిష్యత్తులో ఏం కావాలనుకుంటున్నారని విలేకరులు అడిగితే సాధువు కావాలని ఉందన్నాడు.

విద్వాంసుడు: ఇక్కడ సాధనను నమ్మేవాళ్లకు గొంతులో ముల్లు పడుతుంది. దాచనక్కర్లేదు. ‘ఓమ్’ వినడం కష్టం. వినేవాడి చెయ్యి వదిలేసి ముందుకు పోయిన సంగీతం అది. మల్లయ్యకొండ తిరునాళ్లలో మేళం ఎంత విద్వత్తు చూపినా చివరికి జనాన్ని దేవుడి ముందు నిలబెట్టాలి, మెట్ల దగ్గర వదిలేయకూడదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. సాధన తానే మత్తు కావడానికి అవకాశం ఉంది. హెరాయిన్ వదిలిన శరీరమే రోజుకు ఇన్నిగంటలని లెక్క లేకుండా వాయిద్యాన్ని పట్టుకుంది. ఎలా ఆపాలో తెలియడం లేదని కోల్ట్రేన్ అంటే, నోట్లోంచి దాన్ని బయటికి తియ్యమని మైల్స్ జవాబిచ్చాడని చెప్పుకుంటారు. జనం నవ్వుకోవడానికి చెప్పే కథ అది. మొదటి భార్య నయీమాతో కాపురం 1963లో విడిపోయిందని గుర్తుచేసుకుంటే నవ్వు రాదు.

అధ్యాపకుడు: అంత దూరం మీరు వచ్చాక ఇటునుంచి కూడా ఒక బరువు దించుకోవాలి. కోల్ట్రేన్‌ను కృష్ణమూర్తి కొలతతో కొలవడం సులువు కాదు. వెతకడం ఆపమన్నారు ఆయన. ఇతను చివరిదాకా వెతుకుతూనే ఉన్నాడు. మతగ్రంథం ఏదైనా ప్రమాణం కాదన్నారు ఆయన. ఇతనికి బైబిల్, గీత, అన్నీ ప్రమాణమే. ‘ఓమ్’ విని ఉంటే కృష్ణమూర్తి దాన్ని స్వేచ్ఛ అని ఉండేవారు కాదేమో. స్వేచ్ఛ పేరుతో ఆ రికార్డును వెనకేసుకొచ్చేవాళ్లు ఈ చిక్కును దాటవేస్తారు. దాటవేయడం న్యాయం కాదు.

విద్వాంసుడు: 1967 ఫిబ్రవరి 22న చేసిన ‘ఇంటర్‌స్టెల్లార్ స్పేస్’ మాత్రం వేరు. ఏడేళ్ల తర్వాత, 1974లో గాని అది బయటికి రాలేదు. టెనార్ ఒకటి, రషీద్ అలీ డ్రమ్స్ ఒకటి, కొన్ని చిరుగంటలు తప్ప ఇంకేమీ లేవు. బాస్ లేదు, పియానో లేదు. పైకి అది కట్టు తెంచుకున్నట్టు వినిపిస్తుంది. నాదస్వరం, డోలు మధ్య పెరిగిన చెవికి అలా వినిపించదు. ఒకరు వేసిన ముక్తాయిని ఇంకొకరు అందుకోవడం, ఒకే చిన్న పలుకును పైస్థాయిలోనూ కిందిస్థాయిలోనూ తిప్పి తిప్పి చూడడం, ఎక్కడ మొదలయ్యారో అక్కడికి చేరడం, అన్నీ ఉన్నాయి. ‘జెయింట్ స్టెప్స్’ నాటి లెక్క అడుగున అలాగే ఉంది. 1959లో వేసిన పునాది లేకపోతే 1967లో అంత దూరం ఎగరడం జరిగేది కాదు.

అధ్యాపకుడు: పునాది ఉందని ఒప్పుకుంటే, దాన్ని మరిచిపోగలిగాడని మీరూ ఒప్పుకోవాలి. గుర్తుంచుకుని వాయించినవాడు అలా వాయించలేడు.

విద్వాంసుడు: మరిచిపోయేంతగా నేర్చుకోవడాన్నే సాధన అంటారు సార్.

అధ్యాపకుడు: అలా అయితే మన తగవు చాలా సన్నటి గీత మీద నిలబడింది. సాధన చివరన మరుపు వస్తుందని మీరంటారు. మరుపు వచ్చాక గాని చేసింది సాధనో, అలవాటో తెలియదని ఈ వైపు వాదం. ఎంతోమంది కోల్ట్రేన్ అంతే గంటలు వాయించారు. అతని రికార్డులు ఎక్కించుకుని అచ్చం అలాగే దింపినవాళ్లు ఊరికొకరు ఉన్నారు. వాళ్లకు ‘అలబామా’ రాలేదు. తేడా ఎక్కడుంది అన్నదానికి గంటల లెక్క జవాబు చెప్పదు.

విద్వాంసుడు: చెప్పదు. అయినా గంటలు లేకుండా అది వచ్చినవాడినొక్కడిని చూపించండి. ఇదీ మిగిలే ఉంటుంది.

కోల్ట్రేన్ 1967 జూలై 17న, కాలేయ క్యాన్సర్‌తో, లాంగ్ ఐలాండ్‌లోని హంటింగ్టన్ ఆస్పత్రిలో కన్నుమూశాడు. రవిశంకర్ దగ్గర కూర్చోవడం జరగలేదు. అంత్యక్రియల్లో శాక్సఫోన్ విద్వాంసులు ఆల్బర్ట్ ఐలర్, ఆర్నెట్ కోల్‌మన్ వాయించారు. ఆలిస్ స్వామి సచ్చిదానంద శిష్యురాలైంది, భారతదేశం వచ్చింది, తర్వాత పుట్టపర్తి సత్యసాయిబాబాను కొలిచింది, కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి అక్కడ భజనలు కట్టి పాడించింది. రవి కోల్ట్రేన్ పెరిగి తండ్రి వాయిద్యమే, ఆ టెనారే, చేతబట్టాడు. 2007లో పులిట్జర్ సంస్థ జాన్ కోల్ట్రేన్‌కు మరణానంతరం ప్రత్యేక గౌరవం ప్రకటించింది.

అధ్యాపకుడు: వాదం వినేవాళ్ల దగ్గరికి పోవాలి. ‘జెయింట్ స్టెప్స్’, ‘అలబామా’, ‘ఎ లవ్ సుప్రీమ్’, ‘ఇంటర్‌స్టెల్లార్ స్పేస్’ ఈ వరసలోనే వినాలి. ఒక్కోటి మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉంటే మంచిది. చివరిదానితో మొదలుపెడితే భయపడి పారిపోతారు, మొదటిదానితో ఆగిపోతే అతను ఎటు వెళ్లాడో తెలియదు.

విద్వాంసుడు: తిరుపతిలో దేవస్థానం వారి నాదస్వరం, డోలు పాఠశాలలో చదువుకుంటున్న పిల్లలకు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పెళ్లిళ్లకు బ్యాండు మేళాల్లో శాక్సఫోన్, క్లారినెట్ వాయిస్తున్న కుర్రవాళ్లకు ముందు ఇవి వినిపించండి. వాళ్ల ఊపిరికి తెలుస్తుంది ఇందులో ఎంత పని ఉందో. విన్న తర్వాత వాళ్లు ఏ పక్షం వహించినా సరే.